మేనేజ్‌డ్ వీపీఎస్ కొనేవారికి హెచ్చరిక: సపోర్ట్ చెప్పిన ఒక్క లైనుతో నా సర్వర్‌లోకి నేనే వెళ్లలేకపోయాను

ఏడాది డబ్బు ముందే కట్టించుకుని వీపీఎస్‌లు (అద్దెకిచ్చే వర్చువల్ సర్వర్లు) ఇస్తూ, మేనేజ్‌డ్ ప్లాన్ తీసుకుంటే సర్వర్ బాగోగులన్నీ తామే చూసుకుంటామని ప్రకటించే ఆ సంస్థ ఏదో ఇక్కడ చాలామంది ఇట్టే పోల్చుకోగలరు. పేరు రాయడం లేదు. నిన్న రాత్రి జరిగింది మాత్రం పూర్తిగా రాస్తున్నాను.

ఒక కోచింగ్ సెంటర్ ప్రవేశ దరఖాస్తుల సైటు ఈ సర్వర్ మీద నడుస్తోంది. ఉబుంటు (లినక్స్) సర్వర్, జావా సైట్లను నడిపే టామ్‌క్యాట్, దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా నిర్వహణ. జావా వెర్షన్ మార్చడానికి టామ్‌క్యాట్‌ను ఆపి, హోమ్ డైరెక్టరీలోని బాష్‌ఆర్‌సీ (.bashrc) ఫైలులో, జావా ఎక్కడుందో చెప్పే జావా హోమ్ విలువను సవరించాను. షెల్ (మనం టైప్ చేసే కమాండ్లను అమలు చేసే ప్రోగ్రాం, ఇక్కడ దాని పేరు బాష్) మొదలైనప్పుడే ఆ ఫైలును చదువుతుంది కాబట్టి, అప్పటికే తెరిచి ఉన్న సెషన్‌కు మార్పు దానంతటది అందదు. అందుకని, ఆ ఫైలును మళ్లీ అందించే సోర్స్ కమాండ్ ఇచ్చాను. అయినా పాత విలువే కనిపించింది. కారణం వెతికితే, సర్వర్‌తో పాటు ఆ సంస్థ ఇచ్చిన లైన్లు కొన్ని అదే ఫైలు అడుగున ఉండి, పైన నేను రాసిన విలువను మళ్లీ మార్చేస్తున్నాయి. అవి వారి లైన్లు కనుక వారినే అడగడం సబబని చాట్ తెరిచాను.

"సర్, ఆ లైన్లు పాతవి. వాటిని తీసేసి, మా కొత్త ఎన్విరాన్‌మెంట్ స్క్రిప్ట్‌ను సోర్స్ చేసే లైను చివరలో పెట్టి, ఫైలును మరోసారి సోర్స్ చేయండి. లాగవుట్ కానవసరం కూడా లేదు" అని ఆ ఉద్యోగి రాశారు. సైటు ఆగి ఉంది, ఇప్పుడు చేస్తే సెషన్‌కు ఇబ్బంది ఉండదు కదా అని స్పష్టంగా అడిగాను. "ఏమీ కాదు సర్, ఫైలును ఇంకోసారి చదువుతుంది, అంతే" అన్నారు.

ఈ జవాబే తప్పు. సోర్స్ అంటే ఫైలును ఊరికే చదవడం కాదు. అందులోని ప్రతి లైనునూ మనం కూర్చున్న షెల్‌లోనే అమలు చేయడం. స్క్రిప్ట్‌ను విడిగా నడిపితే దానికి వేరే షెల్ పుడుతుంది. అది ఆగిపోయినా మన షెల్‌కు ఏమీ కాదు. అదే స్క్రిప్ట్‌ను సోర్స్ చేస్తే, అందులోని ఎగ్జిట్ (బయటికి పో) అన్న కమాండ్ అమలైతే బయటికి పోయేది మన షెల్, దానితో పాటే మన ఎస్‌ఎస్‌హెచ్ సెషన్. ఆ సంస్థ స్క్రిప్ట్ విడిగా నడపడానికి రాసినది. దాని చివరి లైను ఎగ్జిట్ సున్నా.

ఎంటర్ నొక్కగానే కనెక్షన్ మూసుకుపోయింది. మళ్లీ లాగిన్ అయ్యాను. కీ ఒప్పుకుంది, ఉబుంటు స్వాగత సందేశం వచ్చింది, చివరిసారి లాగిన్ అయిన సమయం వచ్చింది, కమాండ్ టైప్ చేయమని వచ్చే ప్రాంప్ట్ కనబడవలసిన చోట కనెక్షన్ మూసేసినట్టు ఒక లైను వచ్చింది. ఎన్నిసార్లు ప్రయత్నించినా అదే వరస, ఎందుకంటే లాగిన్ అయిన ప్రతిసారీ ప్రొఫైల్ ఫైలు బాష్‌ఆర్‌సీని పిలుస్తుంది, అది వారి స్క్రిప్ట్‌ను పిలుస్తుంది, అది షెల్‌ను ముగించేస్తుంది. వారి ప్యానెల్‌లో ఉన్న కన్సోల్ కూడా అదే యూజర్‌తో లాగిన్ కావడం వల్ల అక్కడా ఇదే జరిగింది. టామ్‌క్యాట్ ఆగే ఉంది. మర్నాడే దరఖాస్తులకు ఆఖరి తేదీ.

అదే చాట్‌లో, అదే ఉద్యోగికి విషయం చెప్పాను. వచ్చిన జవాబు నాకు ఇప్పటికీ మింగుడుపడడం లేదు. "సర్, బాష్‌ఆర్‌సీ అనేది యూజర్ ఫైలు. యూజర్ చేసిన మార్పులు మేనేజ్‌డ్ ప్లాన్ పరిధిలోకి రావు. అత్యవసర రికవరీ కావాలంటే రూ.1,499, దానిపై జీఎస్టీ." ఆ మార్పు మీరు చెప్పిందే, పైన మీ మాటలే ఉన్నాయి, ఒక్కసారి చూడండని రాశాను. "మేము సూచన మాత్రమే ఇచ్చాము సర్, అమలు చేసింది మీరు" అని రాసి, సమస్య పరిష్కారమైందని గుర్తు పెట్టి చాట్ మూసేశారు. అర్ధరాత్రి ఒక మనిషి సైటు ఆగిపోయి బతిమాలుతుంటే పరిష్కారమైందని రాసుకున్న సంస్థ ఇది. పిల్లల దరఖాస్తులు ఆగిపోకూడదని డబ్బు కట్టాను. సర్వర్‌ను రెస్క్యూ మోడ్‌లో (లోపలి వ్యవస్థను నడపకుండా బయటినుంచి ఫైళ్లు సరిచేసే పద్ధతిలో) పెట్టి, వారు చెప్పి పెట్టించిన ఆ ఒక్క లైనును వారే తొలగించారు.

దానికి పైసా అవసరం లేదని ఈరోజు పొద్దున ఒక స్నేహితుడు చెప్పగా తెలిసింది. ఎస్‌ఎస్‌హెచ్ కమాండ్‌కు హైఫన్ టీ చేర్చి, సర్వర్ చిరునామా తరువాత బాష్ అని, దాని పక్కన రెండు హైఫన్లతో నోఆర్‌సీ అని రాస్తే, బాష్‌ఆర్‌సీని పక్కన పెట్టి షెల్ తెరుచుకుంటుంది. ఆ కమాండ్‌ను నడపడానికి ముందు తెరుచుకునే షెల్ ఇంటరాక్టివ్ (మనిషి కమాండ్లు టైప్ చేసే) షెల్ కాదు. ఉబుంటులో ఆ ఫైలు మొదట్లోనే ఇంటరాక్టివ్ షెల్ కాకపోతే వెనక్కి వెళ్లిపొమ్మనే షరతు ఉంటుంది కాబట్టి, ఫైలు చివర ఉన్న తప్పు లైను వరకూ విషయం వెళ్లదు. ఆ షరతును ఎవరైనా తీసేసినా, తప్పు లైను దాని పైన ఉన్నా ఈ దారి పనిచేయదు. నా ఫైలులో షరతు యథాతథంగా ఉంది. సర్వర్లు అమ్ముకునే సంస్థ సపోర్ట్ విభాగానికి ఈ ఒక్క లైను తెలియదంటే నేను నమ్మను. తెలిసీ చెప్పకుండా రుసుము వసూలు చేశారనే నా అభిప్రాయం. రీఫండ్ అడిగితే ఇంతవరకు జవాబు లేదు.

దూరంలో ఉన్న సర్వర్ మీద ఈ ఫైళ్లు మార్చేవారు ముందు పాత ఫైలుకు నకలు తీసుకోండి. మార్చిన తరువాత సోర్స్ చేయకుండా, బాష్ అని మాత్రం టైప్ చేసి లోపల ఇంకో షెల్ తెరవండి. అది మూసుకుపోతే పాత షెల్‌కే తిరిగి వస్తారు, సెషన్ నిలుస్తుంది. ఎగ్జెక్ బాష్ మాత్రం వద్దు, అది ఉన్న షెల్ స్థానంలోనే కొత్తదాన్ని పెడుతుంది కనుక వెనక్కి రావడానికి ఏమీ మిగలదు. ఇంకో విండోలో కొత్తగా లాగిన్ అయి ప్రాంప్ట్ కనబడేవరకు మొదటి సెషన్‌ను మూయవద్దు. ఆ సంస్థతో చాట్ చేసేవారు ప్రతి జవాబునూ అప్పటికప్పుడే స్క్రీన్‌షాట్ తీసుకోండి, ఎందుకంటే వారు చాట్ మూసేసిన తరువాత నా ఖాతాలో ఆ సంభాషణ కనిపించడం లేదు.