గాలి చూసే పొడి సీసా: జింక వేటకు ఎంతవరకు పనికొస్తుంది?

ముందుగా ఒక మాట. మన దేశంలో జింక వేట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఈ సమీక్ష అమెరికాలో, ముఖ్యంగా పెన్సిల్వేనియా, ఒహాయో, వెస్ట్ వర్జీనియా గుట్టల్లో లైసెన్సు తీసుకుని తెల్లతోక జింకను వేటాడేవాళ్ల కోసం.

జేబులో పట్టే ప్లాస్టిక్ సీసా, లోపల వాసన లేని మెత్తని పొడి, పైన సన్నని ముక్కు. నొక్కితే బుస్సుమని పొగలా వస్తుంది. అది ఎటు పోతే మన ఒంటి వాసనా అటే; ఆ వాసన జింక ముక్కుకు తగిలితే వేట పోయినట్టే. మంచె ఎక్కేముందు, నేల మీద గాలి ఏ వైపుందో చూడ్డానికి ఇది చాలా బాగుంది. ఒంటి చేత్తో రెండు సెకన్ల పని.

కానీ ఐదారు అడుగులు దాటితే పొడి కంటికి ఆనదు. పైగా దాని బరువుకు అదే కిందికి దిగుతుంది. గుట్టల్లో అసలు చిక్కు ఇక్కడే. పొద్దున ఎండ తగిలిన వాలు వేడెక్కి గాలి పైకి పాకుతుంది. సాయంత్రం ఆ వాలు మీద నీడ పడగానే, పొద్దు గుంకకముందే, చల్లబడిన గాలి వాగు పల్లాల్లోకి జారుతుంది. తూర్పు వాలులో పొద్దుటి మార్పు త్వరగా వస్తుంది, పడమటి వాలులో బాగా ఆలస్యం. మబ్బు పట్టినా, గాలి గంటకు 15 మైళ్లు దాటినా ఈ ఎక్కుడు దిగుడు పెద్దగా తెలియదు. మగ జింకలు తరచుగా గాలి మరుగు వాలులో, శిఖరానికి కాస్త కింద పడుకుంటాయి. గుట్ట దాటి వచ్చే గాలీ, లోయలోంచి ఎక్కే గాలీ రెండూ అక్కడ వాటి ముక్కుకు అందుతాయి. అలాంటి చోట మంచె మీద సీసా నొక్కి 'గాలి బాగుంది' అనుకుంటే మోసపోయినట్టే. ముప్పై గజాల అవతల అదే గాలి సుడి తిరిగి జింక వైపు మళ్లడం పొడి చూపించదు.

అది చూపించేది మిల్క్‌వీడ్ దూది. మన జిల్లేడుకు చుట్టమే ఈ మొక్క. కాయ ముదిరి పగలకముందే కోసి, ఆరబెట్టి, గింజ తీసేసి దూది మాత్రం మూతున్న చిన్న డబ్బాలో కుక్కుకోవాలి. గింజ ఉంటే బరువుకు కిందికి లాగుతుంది. గింజల్ని అక్కడే చల్లండి, సగం కాయలు మొక్కకే వదలండి; మోనార్క్ సీతాకోకచిలుక గొంగళిపురుగులకు ఆ ఆకే తిండి. మొక్క పాలు కంట్లో పడితే ప్రమాదం, చేతులు కడుక్కోవాలి. ఒక్క పోగు వదిలితే వంద గజాల దాకా కళ్లతో వెంబడించొచ్చు: లేచిందా, ఆగిందా, పల్లంలోకి జారిందా. పావుగంటకో పోగు చాలు. తడిస్తే మాత్రం ముద్దయిపోతుంది.

సీసాకున్న పెద్ద లోపం ముక్కు మూసుకుపోవడం. నొక్కి వదిలినప్పుడల్లా మంచు తేమను లోపలికి పీల్చుకుంటుంది, పొడి గడ్డకడుతుంది. వాడేముందు తలకిందులుగా తట్టి, మళ్లీ ముక్కు పైకి పెట్టి చిన్నగా నొక్కాలి. కిందికి వంచి నొక్కితే ఉండలు పడతాయి. గుండుసూది ఒకటి దగ్గరుంచుకోండి. ఖాళీ అయ్యాక సువాసన ఉన్న బేబీ పౌడర్ నింపొద్దు. మొక్కజొన్న పిండీ వద్దు, తేమకు అదింకా త్వరగా గడ్డకడుతుంది. మంచు పడ్డ నేల మీద తెల్ల పొడి కనిపించదు, పొడికి వెనక ముదురు రంగు చెట్టు బెరడు ఉండేలా నిలబడి నొక్కాలి.

చదును పొలాల అంచుల్లో వేటాడేవాళ్లకు సీసా ఒక్కటే సరిపోతుంది. గుట్టల్లో అయితే నడిచేటప్పుడు సీసా, మంచె మీద దూది.