ఈఆర్‌ఏ-5: ఒక్క తుపానుకు భేష్, దశాబ్దాల లెక్కకు జాగ్రత్త

నేల వేడెక్కడం మధ్య అక్షాంశాల తుపానులను దశాబ్దాల తరబడి ఎలా మారుస్తోందో స్వయంగా లెక్కకట్టి చూడదలచినవారికి, యూరప్ వాతావరణ అంచనా కేంద్రం తయారుచేసి యూరోపియన్ యూనియన్ భూపరిశీలన కార్యక్రమమైన కోపర్నికస్ ద్వారా ఉచితంగా అందిస్తున్న ఈఆర్‌ఏ-5ను మించిన వనరు నాకు కనిపించలేదు. పాత పరిశీలనలను కంప్యూటర్ నమూనాతో కలిపి గతకాలపు వాతావరణాన్ని తిరిగి నిర్మించిన గణాంకాల భాండారం ఇది. 1940 నుంచి గంట గంటకూ, సుమారు 31 కిలోమీటర్ల గళ్లలో పీడనం, ఉష్ణోగ్రత, గాలి వివరాలు ఇందులో దొరుకుతాయి. పేరు నమోదు చేసుకుని లైసెన్సు షరతులకు అంగీకరిస్తే చాలు.

నేను దీన్ని మంగోలియా మీద ప్రయోగించి చూశాను. బంగాళాఖాతపు తుపానుకు వెచ్చని సముద్రమే ఆధారం. మంగోలియా తుపానుకు మాత్రం ఉత్తరపు చలిగాలికీ దక్షిణపు వెచ్చగాలికీ మధ్య ఉండే ఉష్ణోగ్రత తేడాయే ప్రాణం. కాబట్టి మంగోలియాకు ఉత్తరాన రష్యాలో ఉన్న బైకాల్ సరస్సు పరిసరాల్లోని నేల, దానికి దక్షిణాన ఉన్న ప్రాంతం కంటే వేగంగా వేడెక్కితే ఆ తేడా తగ్గి తుపానుల జోరు సన్నగిల్లుతుంది. భూతాపంతో తుపానులన్నీ బలపడతాయని గుండుగుత్తగా అనేవారు గమనించవలసిన సంగతి ఇది. అలాగని దశాబ్దాల ధోరణి తగ్గుదల వైపు ఉన్నంత మాత్రాన ఒక్కో తుపాను తీవ్రత తగ్గాలని లేదు: 2021 మార్చి 15న బీజింగ్‌ను పసుపు ధూళిలో ముంచిన మంగోలియా తుపాను కదలికను ఈ గణాంకాలతో గంట గంటకూ అనుసరించవచ్చు.

చిక్కంతా దశాబ్దాల లెక్క దగ్గరే వస్తుంది. చాలామంది అలవాటుగా 850 హెక్టోపాస్కల్ పీడన స్థాయి (సముద్రమట్టం నుంచి సుమారు 1,500 మీటర్ల ఎత్తు) ఉష్ణోగ్రతను తీసుకుంటారు గానీ, మంగోలియా సగటు ఎత్తే సుమారు 1,580 మీటర్లు గనుక ఆ స్థాయి చాలాచోట్ల నేల కిందికి పోతుంది. అక్కడ కనిపించే అంకె గణితంతో పొడిగించినదే. సుమారు 3,000 మీటర్ల ఎత్తున ఉండే 700 హెక్టోపాస్కల్ స్థాయిని వాడడం మేలు. ఇక 2004లో ఉపగ్రహాల మంచు సమాచారాన్ని చేర్చడంతో మంచు లెక్కల్లో ఒక మెట్టు, అంటే ఉన్నట్టుండి ఒక మార్పు, ఏర్పడింది. మంచు మారితే నేల ఉష్ణోగ్రతా మారుతుంది కాబట్టి, వసంతకాలపు ధోరణిని ఆ ఏడాదికి ముందూ తర్వాతా విడివిడిగా చూడనిదే నేను నమ్మను. 1979కి ముందు ఉపగ్రహ పరిశీలనలు తక్కువ కావడం వల్ల ఆ కాలాన్ని మరింత అనుమానంగా చూడాలి.

వెబ్‌సైటులో పెద్ద అభ్యర్థనలు వరుసలో నిలబడతాయి గనుక, కావలసిన ప్రాంతం వరకే కత్తిరించి నెలవారీగా అడగడం మంచిది. ఏ ఫలితాన్నయినా జపాన్ వాతావరణ సంస్థ తయారుచేసిన ఇలాంటి గణాంకాలు జేఆర్‌ఏ-3క్యూతో సరిపోల్చుకోవాలి. రెండింటిలోనూ కనబడితే తప్ప ఏ తగ్గుదలనూ నేనైతే వ్యాసంలో రాయను.