పసదీనాలో గాంబుల్ హౌస్: చెక్కపని తెలిసినవాళ్ళతో వెళ్ళండి

లాస్ ఏంజెలెస్ పక్కనే ఉన్న పసదీనాలో, వెస్ట్‌మోర్లాండ్ ప్లేస్ అనే చిన్న వీధిలో ఉంది ఈ ఇల్లు. ప్రాక్టర్ అండ్ గాంబుల్ సబ్బుల కంపెనీ కుటుంబానికి చెందిన డేవిడ్ గాంబుల్, ఆయన భార్య మేరీ చలికాలం గడపడానికి 1908లో కట్టించుకున్నారు. ఇంటి ప్లాను గీసింది చార్లెస్, హెన్రీ గ్రీన్ అనే అన్నదమ్ములు. పేరుకి బంగళా (అక్కడ బంగళా అంటే ఎత్తు తక్కువున్న చిన్న ఇల్లు) గానీ మూడంతస్తులు.

అమలాపురం నుంచి వచ్చిన మా నాన్నని తీసుకెళ్ళాను. ఆయన జీవితమంతా ఉలి, చిత్రికలతోనే గడిచింది. వీధి తలుపు దగ్గరే ఆగిపోయారు. బర్మా టేకు తలుపులు, వాటిలో రంగు గాజు ముక్కలతో కొమ్మలు చాచిన ఓక్ చెట్టు. గైడ్ మాత్రం గాజు గురించే చెబుతోంది. నాన్న చెక్క చూసి, "ఇది మన రంగం టేకేనమ్మా" అన్నారు. రంగం అంటే బర్మాలోని రంగూన్. కోనసీమలో పాత మండువా ఇళ్ళ ద్వారబంధాలు చూసినవాళ్ళకి ఆ రంగు కొత్త కాదు.

లోపల అసలు సరుకు మెట్లు. చెక్కలు వేళ్ళు పెనవేసుకున్నట్టు ఒకదాన్లో ఒకటి దిగి ఉంటాయి, అతుకు దాచకుండా అందంగా చూపించారు. ఎక్కడా పదునైన అంచు లేదు, అన్నీ చేత్తో గుండ్రంగా అరగదీసినవే. పైకి కనపడే చెక్క చీలల్లో చాలావాటి కింద స్క్రూలున్నాయట. నాన్న నవ్వి, "దొంగలు, మేమూ అంతే" అన్నారు. కుర్చీలు, బల్లలు, దీపాలు కూడా ఈ ఇంటికోసం గీసినవే. సామాను చాలావరకు ఇల్లు కట్టిన కాంట్రాక్టరు పీటర్ హాల్ పనివాళ్ళు చేశారు. ముట్టుకోవడానికి లేదు కాబట్టి నాన్న చేతులు వెనక్కి కట్టుకుని తిరిగారు, పాపం.

మేడ మీద గదుల పక్కన ఆరుబయట పడుకునే వరండాలున్నాయి. చూరు బాగా బయటికి వచ్చి ఎండని ఆపుతుంది, కిటికీలు ఎదురెదురుగా ఉండి గాలిని లాగుతాయి. ఏసీ బిల్లు కట్టే మనకి ఇది చూస్తే కడుపు మండుతుంది. ఆ లోతైన చూరు వల్లే హాలు మాత్రం చీకటిగా ఉంటుంది. నేనైతే అందులో కూర్చుని పేపర్ చదవలేను. వంటిల్లు నాకు ఎక్కువ నచ్చింది: తెల్ల టైల్స్, లేతరంగు మేపుల్ చెక్క, మంచి వెలుతురు.

తర్వాతి తరం వాళ్ళు ఇల్లు అమ్మేద్దామనుకుంటే, కొనడానికి వచ్చినవాళ్ళు ఈ చెక్కంతటికీ తెల్లరంగు వేయిద్దామని మాట్లాడుకున్నారట. దాంతో బేరం వదులుకున్నారని చెబుతారు. 1966లో పసదీనా నగరానికి, యూఎస్‌సీ (యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా) ఆర్కిటెక్చర్ స్కూల్‌కి అప్పగించారు.

టూర్ గంటసేపు. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు మేడ మెట్ల సంగతి ముందే అడగండి. పాత గ్యారేజీలో పుస్తకాల షాపు ఉంది. టూర్ అయ్యాక కారెక్కకుండా పక్కనే ఉన్న అరోయో టెర్రస్ వీధిలో నడవండి, అక్కడా గ్రీన్ సోదరుల ఇళ్ళున్నాయి, వాటిలో ఒకటి చార్లెస్ సొంతిల్లు. మామూలు సంసారులు కట్టుకున్న చిన్న బంగళాలు చూడాలంటే ఊళ్ళోనే బంగళో హెవెన్ పేటకి వెళ్ళండి. అక్కడ టికెట్ లేదు, కానీ మనుషులు కాపురముంటున్న ఇళ్ళు, రోడ్డు మీంచే చూడాలి. చిన్నపిల్లలతో గాంబుల్ హౌస్‌కి మాత్రం వద్దు. వాళ్ళ చేతులు పట్టుకోవడంతోనే ఆ గంటా అయిపోతుంది.