చిన్న పుస్తకమా, కరపత్రమా, ఒంటి కాగితమా? కొత్తవాళ్ళ చేతికి ఏది ఇస్తే మేలు

2025 అక్టోబరు 14న విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాక నన్ను అడిగేవి రెండే ప్రశ్నలు. "ఈ పాత లాప్‌టాప్‌ను ఏం చేయమంటావమ్మా?" అనేది ఇళ్ళలో పెద్దవాళ్ళు అడిగేది. "ఇలా అడిగేవాళ్ళ చేతికి ఏం ఇచ్చి పంపాలి మేడమ్?" అనేది మాలాగే వారాంతాల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను, అంటే ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోగలిగే సాఫ్ట్‌వేర్‌ను, పరిచయం చేసే కుర్రాళ్ళు అడిగేది. మొదటిదానికి జవాబు చెప్పేవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు. రెండోది మాత్రం సెప్టెంబరు మూడో శనివారం, అంటే సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ డే, దగ్గరపడే కొద్దీ మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటుంది. అందుకని ఒకసారి కూర్చుని రాసేస్తున్నాను.

మాది చెన్నై, పెరంబూరు వైపు. నెలకో ఆదివారం కూర్చుంటాం, వచ్చేవాళ్ళలో ఎక్కువమంది తెలుగు ఇళ్ళవాళ్ళే. ఇన్నేళ్ళలో మేం మూడు రకాలూ అచ్చేయించాం: 24 పేజీల చిన్న పుస్తకం, మూడు మడతల రంగుల కరపత్రం, ఒకవైపే అచ్చయిన నలుపు-తెలుపు ఏ4 కాగితం. కాబట్టి మూడింటి మీదా డబ్బు పోగొట్టుకున్న అనుభవంతో మాట్లాడుతున్నాననుకోండి.

పుస్తకానికి మన దగ్గర ఉన్న మర్యాద వేరు. కాలు తగిలితే కళ్ళకద్దుకుంటాం. అదే కరపత్రమైతే దానిమీద బజ్జీలు పెట్టుకుని తింటాం. 24 పేజీలంటే ఆరు ఏ4 కాగితాలు, మధ్యకు మడిచి రెండు పిన్నులు. అందులో మాకు తెలిసినదంతా కుక్కాం. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టు ప్రకటించడం, 1991లో లీనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్ (కంప్యూటరును నడిపే మూలభాగం), సున్నా నుంచి మూడు దాకా లెక్కపెట్టే నాలుగు స్వేచ్ఛలు, ఉత్తరాలు రాసుకునే లిబ్రేఆఫీస్, ఇంటర్నెట్ చూసే ఫైర్‌ఫాక్స్, వీడియోలు చూపే వీఎల్‌సీ, బొమ్మలు దిద్దే జింప్, బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్, చివర చిన్న పదకోశం. రాసినవాళ్ళకు మహా తృప్తి. తీసుకున్నవాళ్ళు కూడా "ఎంత శ్రమపడ్డారమ్మా" అని రెండు చేతులతో తీసుకున్నారు. ఆర్నెల్లయ్యాక ఒకళ్ళింటికి పేరంటానికి వెళ్తే షోకేసులో పంచాంగం పక్కన కనబడింది. మడత కూడా నలగలేదు. కంప్యూటరేమో పక్కగదిలో ఉంది. ఆ రెండూ ఎప్పుడూ కలుసుకున్నట్టు లేదు.

పుస్తకానికి ఇంకో జబ్బుంది. మా దాంట్లో 11వ పేజీలో మెనూ బొమ్మ పాత వెర్షనుది పడింది. మొదటి ఆదివారమే ఒకాయన పట్టుకున్నాడు. ఒక్క పేజీ తప్పయితే తక్కిన 23 పేజీలూ దానితోపాటే శిక్ష అనుభవించాలి. తప్పు తెలిసేనాటికి కట్టలు కట్టలుగా మా మంచం కింద ఉన్నాయి.

అచ్చు సంగతి ఎత్తాను కాబట్టి ఒక మాట. తెలుగు అచ్చు అంటే మద్రాసే అనుకునే కాలం ఒకటుండేది. వావిళ్ళవారి అచ్చుకూటం ఇక్కడిదే, ఆంధ్రపత్రిక దినపత్రికగా 1914లో మొదలైందీ ఇక్కడే. ఇప్పుడు ట్రిప్లికేన్ సందుల్లో తెలుగు ప్రూఫు తెచ్చుకుని చూడండి, తెలుస్తుంది. మేం వెళ్ళిన చోట డీటీపీ చేసే అక్కకు తమిళం తప్ప రాదు, పాపం. ఆమె పేజీలు పేర్చే పాత సాఫ్ట్‌వేర్‌కు మన ఒత్తులు రావు. మొదటి ప్రూఫులో అన్నిటికన్నా ఘోరంగా విరిగిన మాట ఏమిటంటే "స్వేచ్ఛ". అట్ట మీది మాటే అది! తమిళంలో అక్షరం నెత్తిన చుక్క పెడితే పని అయిపోతుంది కదా. "మీకు అక్షరం కింద అక్షరం ఎందుకు వేలాడుతుంది?" అని ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. అప్పట్నుంచి ఏది అచ్చేయించినా మేమే లిబ్రేఆఫీస్‌లో పేజీ పూర్తిగా కూర్చి, పీడీఎఫ్ చేసి, "దీన్ని ముట్టుకోకుండా అచ్చేయండి" అని ఇస్తున్నాం.

రంగుల కరపత్రం గురించి ఎక్కువ చెప్పను. చూడ్డానికి అందంగా ఉంటుంది, స్టాలు మీద పరిస్తే పదిమంది ఆగుతారు. ఏ4ను మూడు మడతలు పెడితే ఒక్కో పలక 99 మిల్లీమీటర్లు, అంచులు పోతే మిగిలేది ఎనిమిది సెంటీమీటర్లు. ఆ ఇరుకులో "ఇన్‌స్టాల్ చేసుకోవాలనుకునేవాళ్ళు" అని రాస్తే లైను అక్కడికే సరి. నున్నటి ఆర్ట్ పేపరు మీద బాల్‌పెన్ను సరిగ్గా సాగదు. నీలం రంగు మీద తెల్ల అక్షరాలు వేయించామని మురిసిపోయాం కానీ, దాన్ని జెరాక్స్ తీస్తే నల్లటి పలక వచ్చింది, మధ్యలో చీమల్లాంటి చుక్కలు.

నా మటుకు నాకు అసలు తేల్చేది ఆ జెరాక్సే. ఖర్చు కాదు, అందం కాదు, ఎంత సమాచారం పట్టిందన్నది అసలే కాదు. మీరిచ్చిన కాగితాన్ని వీధి చివర షాపులో మెషీన్ మీద పెడితే అది బతుకుతుందా, బతకదా? ఈ మాట నేను మొదట్నుంచీ అనుకున్నది కాదు, ఒక తాతా మనవరాలూ నేర్పింది.

ఐసీఎఫ్‌లో, అంటే ఇక్కడి రైలుపెట్టెల ఫ్యాక్టరీలో, రిటైరయిన బాబాయిగారొకరు మా దగ్గరికి వస్తుంటారు. ఆయన తెలుగు గడగడా చదువుతారు కానీ మౌసు పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. మనవరాలు ప్లస్ వన్, అంటే పదకొండో తరగతి. ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది, చదివేది రాసేది తమిళం, ఇంగ్లీషు. 2006 చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయ్యాక ఇక్కడి తెలుగు ఇళ్ళలో చాలా పిల్లల సంగతి ఇంతే. దాని మంచిచెడ్డలు ఇక్కడ వద్దు. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉండి తెలుగు కాగితం రాసేవాళ్ళకు తట్టని సంగతి మాత్రం ఒకటుంది. ఇక్కడ చదివే కళ్ళు ఒకరివి, నొక్కే వేళ్ళు ఇంకొకరివి.

ఆ ఆదివారం మా దగ్గర ఒంటి కాగితాలే మిగిలాయి, పుస్తకాలు తేవడం మరిచిపోయాం. లిబ్రేఆఫీస్ దింపుకుని ఒక ఉత్తరం టైపు చేసి దాచుకోవడం ఎలా అన్నది తప్ప ఆ కాగితంలో ఇంకేం లేదు. ఏడు మెట్లు. బాబాయిగారు ఇంటికి వెళ్ళి పైకి చదివారట, ఆ పిల్ల నొక్కుకుంటూ పోయిందట. మళ్ళీ తాతను లేపనక్కర్లేకుండా ఒక్కో మెట్టు పక్కన తమిళంలో తన గుర్తు రాసుకుంది. ఆరో మెట్టు కొట్టేసింది. మేం ఉత్తరాన్ని మామూలుగా దాచమని రాశాం. ఆమె దాన్ని స్కూలుకు పంపితే టీచరు ఫోన్లో తెరుచుకోలేదట. అందుకని ‘వర్డ్ రకంలో దాచు’ అన్న ఏడో మెట్టును బాణం గీసి పైకి లాగింది. ఆ కాగితాన్నే రెండ్రూపాయలకొకటి చొప్పున జెరాక్స్ తీయించి స్నేహితులకు ఇచ్చింది.

ఇదంతా మాకు ఎలా తెలిసిందంటే, రెండు నెలల తర్వాత ముక్కూమొహం తెలియని ఒక అమ్మాయి చేతిలో కాగితంతో వచ్చింది. ఒక్క ముక్క తెలుగు రాదు. ఆ కాగితం జెరాక్సుకు జెరాక్సు. మా తెలుగు లైన్లు కాస్త బూడిదరంగుకు తిరిగాయి, తమిళం మాత్రం ముదురుగా ఉంది, ఆరో మెట్టు కొట్టేసి ఉంది. కాగితం అడుగున నాలుగు స్వేచ్ఛల గురించి నాలుగు లైన్లు వేశాం: వాడుకోవచ్చు, లోపల చూసి మార్చుకోవచ్చు, పంచవచ్చు, మార్చినదాన్నీ పంచవచ్చు. బాబాయిగారి మనవరాలికి ఆ నాలుగు లైన్లూ చదవడమే రాదు. చేయడం మాత్రం నాలుగూ చేసేసింది.

కాబట్టి నా ఓటు ఒంటి కాగితానికే. అయితే జెరాక్సుకు నిలబడే కాగితం తయారుచేయడం అనుకున్నంత తేలిక కాదు. ఇంగ్లీషు పది పాయింట్లలో బతుకుతుంది, తెలుగు ఒత్తు బతకదు. మేం 14 కంటే దిగం. మా పరీక్ష ఏమిటంటే, కాగితంలో ఎక్కడో ఒకచోట "లక్ష్మి" అన్న పేరు పెడతాం. జెరాక్సుకు జెరాక్సు, దానికి మళ్ళీ జెరాక్సు తీస్తాం. మూడోదాంట్లోనూ ఆ ‘క్ష్మి’ కింద ఒత్తు విడిగా కనబడితే పాసు. సన్నగీతల ఫాంట్లు రెండో కాపీకే మాయమవుతాయి. రామభద్ర లాంటి లావు ఫాంట్లు శీర్షికకు బాగుంటాయి కానీ లోపల వాడితే ముద్దలు కడతాయి. నోటో సాన్స్ తెలుగు మధ్యస్తంగా ఉంటుంది, మేం దానితోనే సరిపెట్టుకున్నాం. తెర బొమ్మలు వద్దు, తప్పదంటే గీతబొమ్మ వేయండి. డార్క్ మోడ్‌లో తీసిన తెర బొమ్మ పెట్టారో, మెషీన్‌లో ఇంకు మొత్తం మీ కాగితమే తాగేస్తుంది. కుడివైపు రెండంగుళాలు ఖాళీ వదలండి, రాసుకునేవాళ్ళకు అది కావాలి. బటన్ల పేర్లు తెర మీద ఏ అక్షరాల్లో ఉంటే ఆ అక్షరాల్లోనే వేయండి. తెలుగులోకి మార్చి "దాచు" అని వేస్తే నొక్కేవాళ్ళు తెరంతా వెతుకుతారు.

పైన "ఉచితం" అని పెద్ద అక్షరాల్లో వేయకండి. ఇంగ్లీషులో రెంటికీ ‘ఫ్రీ’ అన్న ఒకే మాటతో తంటా, మనకు ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు, ఆ అదృష్టాన్ని చేజేతులా పాడుచేసుకోవడం ఎందుకు? మేం ఒకసారి వేశాం. తీసుకున్నవాళ్ళు పెరిగారు, నమ్మినవాళ్ళు తగ్గారు. "ఊరికే ఎవరిస్తారమ్మా, ఏదో మెలిక ఉంటుంది" అని ఒకావిడ కాగితం తిప్పి వెనక కూడా చూసింది.

లైసెన్సు విషయంలోనూ ఒంటి కాగితానికి ఒక చిక్కుంది. గ్నూ వాళ్ళ డాక్యుమెంట్ లైసెన్సు 2000లో మాన్యువళ్ళ కోసం చేసినది, ప్రతి కాపీతోనూ లైసెన్సు మొత్తం పాఠం జతచేయాలంటుంది. పుస్తకానికైతే చివర కొన్ని పేజీలు పోతాయి. ఒక పేజీ కాగితానికి అది మనిషి కన్నా మూట పెద్దదన్నట్టు ఉంటుంది. వికీపీడియా కూడా 2009లో క్రియేటివ్ కామన్స్ బై-ఎస్‌ఏకు (రాసినవాళ్ళ పేరు చెప్పి, అదే లైసెన్సుతో పంచుకోవచ్చనేది) మారింది. దానికైతే అడుగున ఒక్క లైను చాలు. ఇంకొకటి, లిబ్రేఆఫీస్‌లో పీడీఎఫ్ చేసేటప్పుడు హైబ్రిడ్ పీడీఎఫ్ అని ఒక గడి ఉంటుంది. దానికి టిక్కు పెడితే అసలు ఫైలు పీడీఎఫ్ కడుపులోనే ఉంటుంది, ఎవరైనా మళ్ళీ లిబ్రేఆఫీస్‌లో తెరిచి దిద్దుకోవచ్చు. డీటీపీ షాపుల పాత ఫాంట్లతో కూర్చిన ఫైలు ఇంకొకరి మెషీన్‌లో తెరిస్తే కనబడేది పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు.

మిగతావి క్లుప్తంగా. క్యూఆర్ కార్డు చవక, జేబులో పడుతుంది, స్కాన్ చేసిన ట్యాబు ఫోన్లో మిగతా ట్యాబుల కింద సమాధి అవుతుంది. స్టిక్కర్లు పిల్లలకు సరదా. పెన్‌డ్రైవులో విండోస్‌కు బదులు వాడే లినక్స్ వేసి పంచుదామని ఏటా ఎవరో ఒకరు అంటారు. 2005 నుంచి 2011 దాకా ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) వాళ్ళు ఇంటికే సీడీలు పంపిన రోజులు గుర్తొచ్చి నాకూ ఆశ పుడుతుంది. కానీ కంప్యూటరును పెన్‌డ్రైవు నుంచి మొదలుపెట్టించే బూట్ మెనూకు ఒక కంపెనీ లాప్‌టాప్‌లో ఎఫ్12, ఇంకోదాంట్లో ఎఫ్9, మరోదాంట్లో ఎస్కేప్. పక్కన మనిషి లేకుండా అది సాగదు. ఇంటికి వెళ్ళిన పెన్‌డ్రైవులో వారం తిరక్కుండా సినిమాలుంటాయి. అది మన చేతిలో ఉండాల్సిన సరుకు, పంచాల్సింది కాదు.

పుస్తకం పూర్తిగా దండగ అనడం లేదు. క్లాసులో చెప్పే టీచర్లకు, "అసలు ఇదంతా ఎవరు మొదలుపెట్టారు, ఎందుకు?" అని రెండోసారి వచ్చి అడిగేవాళ్ళకు అదే ఇవ్వాలి. మొదటిసారి వచ్చినవాళ్ళకే వద్దంటున్నాను.

మంచం కింద ఇంకా యాభై దాకా మిగిలాయి. మొన్న కూర్చుని వాటి పిన్నులు పీకేశాం. మధ్య కాగితం మీద 12, 13 పేజీలు పక్కపక్కనే వస్తాయి, అదృష్టం కొద్దీ అవి వీఎల్‌సీ గురించే. అడ్డంగా తిప్పితే సరిగ్గా ఒక ఏ4. వెనకవైపున్నది 11వ పేజీ కాబట్టి, ఒకవైపే తీయమని జెరాక్స్ షాపతనికి రెండుసార్లు చెప్పి వచ్చాను.