డీప్ ఫ్రీజర్‌లో శీతల నిల్వ ప్లేట్లు: కొన్నేళ్లు వాడిన తర్వాత

డీప్ ఫ్రీజర్ లోపల అమర్చుకునే ఉప్పునీటి ప్లేట్లను నేను కొన్నేళ్లుగా వాడుతున్నాను. వీటిని పెట్టుకుంటే విద్యుత్తు ఆదా అవుతుందని అమ్మేవారు చెప్పే మాటలో సగమే నిజం. ప్లేట్లు చల్లదనాన్ని దాచిపెడతాయే తప్ప పుట్టించవు; దాన్ని ఏ వేళలో తయారుచేసి దాచుకున్నామన్నదాన్ని బట్టే ఆదా ఉంటుంది.

మంచు కరిగేటప్పుడు, ఉష్ణోగ్రత పెరగకుండానే, కిలోకు 334 కిలోజౌళ్ల వేడిని పీల్చుకుంటుంది. కానీ అది కరిగేది 0 డిగ్రీల వద్ద కాబట్టి, మైనస్ 18 డిగ్రీల్లో ఉంచవలసిన సరుకుకు పనికిరాదు. అందుకే ఈ ప్లేట్లలో బరువులో సుమారు 23 శాతం ఉప్పు కలిపిన నీరు నింపుతారు. ఆ పాళ్లలో అది మైనస్ 21 డిగ్రీల వద్ద గడ్డకట్టి, కరిగేటప్పుడు కిలోకు సుమారు 235 కిలోజౌళ్లు తీసుకుంటుంది. అంటే 15 కిలోల ప్లేట్లు పూర్తిగా కరగాలంటే దాదాపు ఒక యూనిట్‌కు సమానమైన వేడి లోపలికి చేరాలి. అంతే బరువున్న గడ్డకట్టిన సరుకు మూడు డిగ్రీలు వేడెక్కడానికి అందులో పదోవంతు కూడా అక్కర్లేదు. కరెంటు పోయినప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. ఈ విషయంలో ప్లేట్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

అసలు చిక్కు వాటిని గడ్డకట్టించడంలో ఉంది. థర్మోస్టాట్‌ను మైనస్ 18 దగ్గరే వదిలేస్తే ప్లేట్లు ఎన్నాళ్లైనా ద్రవంగానే ఉండి, ఉన్న చోటును ఊరికే ఆక్రమిస్తాయి. మైనస్ 25 దాకా దించాలి. ఎవాపరేటర్ (లోపలి వేడిని పీల్చుకునే గొట్టాలు) ఒక్కో డిగ్రీ దిగినకొద్దీ కంప్రెసర్ ఖర్చు సుమారు 2 నుంచి 3 శాతం పెరుగుతుంది. ఈ నష్టాన్ని పూడ్చేది రాత్రి చల్లగాలి, ఎందుకంటే కండెన్సర్ (ఆ వేడిని బయటికి వదిలే గొట్టాలు) ఒక్కో డిగ్రీ చల్లబడినప్పుడు ఖర్చు దాదాపు అదే లెక్కన తగ్గుతుంది. పగటికీ రాత్రికీ ఉష్ణోగ్రతలో పెద్ద తేడా ఉండే చోట, టైమర్ పెట్టి రాత్రి గడ్డకట్టించి మధ్యాహ్నం కంప్రెసర్‌ను ఆపి ఉంచితే యూనిట్లు నిజంగానే తగ్గుతాయి. ఎప్పుడూ ఒకే వేడిలో ఉండే మూసిన గదిలో మాత్రం పెరిగినా ఆశ్చర్యం లేదు. రాత్రి విద్యుత్తు చవకగా దొరికే చోట బిల్లు తగ్గవచ్చు గానీ, అది ధరలో వచ్చిన ఆదా. యంత్రం సామర్థ్యం పెరిగిందని దాన్ని చూసి అనుకోకూడదు.

మన్నిక గురించి చెప్పాలంటే, లోపలి ద్రావణం బలహీనపడిన జాడ లేదు. సోడియం సల్ఫేట్ వంటి స్ఫటిక లవణాలు పదే పదే కరిగి గడ్డకట్టే క్రమంలో అడుగున పేరుకుపోయి సత్తువ కోల్పోతాయి. ఉప్పునీటికి ఆ బెడద తక్కువ. ప్లాస్టిక్ డొల్లలే ముందు పాడవుతాయి. నీరు మంచుగా మారేటప్పుడు పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది గనుక, ఉప్పునీరు కూడా గడ్డకట్టేటప్పుడు ఉబ్బుతుంది. ఖాళీ వదలకుండా నింపిన ప్లేట్ల మూలలు విచ్చుకుంటాయి. కారిన ఉప్పునీరు లోహపు తొట్టెను తినేస్తుంది కాబట్టి అప్పుడప్పుడు అతుకులను తడిమి చూసుకోవడం తప్పదు. మూత పైనుండే ఫ్రీజర్‌లో ప్లేట్లను అడుగున పరవడం కంటే గోడల పైభాగాన నిలబెట్టడం మేలు, ఎందుకంటే చల్లని గాలి కిందికి దిగుతుంది.

పాలు, కూరగాయలు ఉంచే 4 డిగ్రీల పెట్టెకు ఇవే ప్లేట్లు కొనకూడదు. అవి ఆనుకున్న సరుకును గడ్డకట్టిస్తాయి. పైగా ఆ పెట్టెలో తిరిగి గడ్డకట్టవు. అక్కడ సుమారు 6 డిగ్రీల వద్ద కరిగే టెట్రాడెకేన్ వంటి పారాఫిన్ (మైనం జాతి పదార్థం) నింపినవి సరిపోతాయి.