ఎర్రచందనం పూత కోసం రెండు రోజులు కడపలో

ఎర్రచందనం అంటే పేపర్లో చూసే దుంగల ఫొటోలే గుర్తొస్తాయి. నాన్నకు మాత్రం ఆ చెట్టును పూతలో చూడాలని ఎన్నాళ్ల నుంచో కోరిక. ఏప్రిల్ చివర్లో కర్నూలు నుంచి ఇద్దరం కడప బయల్దేరాం.

బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో దిగాం, రోజుకు 1,400. రాత్రి పదకొండుకు ఏసీ ఆగిపోయింది. ఎన్నిసార్లు పిలిచినా ఎవరూ రాలేదు. డెబ్బై దాటిన మనిషి తెల్లారేదాకా వరండాలో కూర్చున్నాడు, నాకు చాలా బాధేసింది. ఎండాకాలంలో వెళ్లేవాళ్లు ఏసీ కాసేపు నడిపించి చూశాకే డబ్బులు కట్టండి. పొద్దున తిన్న కారం దోసెతో కాస్త తేరుకున్నాం.

మొదట గువ్వలచెరువు ఘాట్ వెళ్లాం. పాలకోవా చాలా బాగుంది, కానీ లారీల రద్దీలో ఆగి చెట్లు చూసే వీలు లేదు.

మరుసటి రోజు సిద్ధవటం. పెన్న ఒడ్డున కోట చూసుకుని, ఆటోలో శివుడి గుడి ఉన్న నిత్యపూజకోన దారి పట్టాం. అదంతా లంకమల అడవి. కోన దాకా నడక ఎక్కువ, నాన్న మోకాళ్లకు పడదని మధ్యలోనే ఆగాం. అక్కడే, దారి పక్కనే కనబడింది. మొసలి వీపులా పలకలు పలకలుగా చీలిన నల్లటి బెరడు, మూడేసి ఆకులు, కొమ్మల చివర పసుపు పూల గుత్తులు. రేకుల అంచులు నలిగిన కాగితంలా ముడతలు పడి ఉన్నాయి. చెట్టు నిండా తేనెటీగలు. కంది, చిక్కుడు కుటుంబమే ఇది. కింద నిరుటి కాయ ఒకటి దొరికింది: గుండ్రంగా, చుట్టూ పల్చటి రెక్క, మధ్యలో గింజ.

"కాయ కూడా తీసుకోవద్దన్నా, మళ్లీ నాకు మాటొస్తాది" అన్నాడు అటుగా వచ్చిన వాచర్. నాన్న దాన్ని చెట్టు మొదట్లోనే పెట్టేశాడు.

దొంగలు నరికేది లోపలి ఎర్ర చేవ కోసం. అది పట్టడానికి దశాబ్దాలు కావాలి, నరకడానికి ఒక్క రాత్రి చాలు. సహజంగా ఈ చెట్టు పెరిగేది మన తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. 2018లో ఏ జాతికి ఎంత ముప్పుందో అంచనా వేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దీనికి ముప్పు కాస్త తగ్గినట్టు చూపినా, 2021 అంచనాలో మళ్లీ అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చింది.

పూత కొద్ది రోజులే ఉంటుంది. పొద్దున ఏడుకల్లా సిద్ధవటం చేరుకోండి, నీళ్లు పట్టుకెళ్లండి, భక్తుల దారి దిగి అడవిలోకి పోవద్దు. శ్రీరామనవమి రోజుల్లో ఒంటిమిట్ట ఉత్సవాలతో ఆ చుట్టుపక్కల గది దొరకడం కష్టం, అవి అయ్యాకే వెళ్లండి.