‘శాంక్షన్’ దగ్గర చేతులెత్తేసిన నిఘంటువు యాప్

వార్తల అనువాదం నా పని. ఏ కొత్త నిఘంటువు చేతికొచ్చినా ముందుగా ‘శాంక్షన్’ అనే మాట తీసి చూస్తాను. ఈ ఇంగ్లిష్–తెలుగు యాప్‌లోనూ అదే చేశాను. వేగం బాగుంది, అక్షరాలు కళ్లకు హాయిగా ఉన్నాయి, ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. మెచ్చుకోవలసినవి దాదాపు అక్కడితో సరి.

శాంక్షన్ కింద ఉన్నది ఒకే పంక్తి: ‘ఆమోదం, అనుమతి, శిక్ష, ఆంక్ష.’ ఒక్క ఉదాహరణ వాక్యమైనా లేదు. ఔననడాన్నీ కాదనడాన్నీ కామాలతో కలిపి కుట్టేసి, నచ్చింది ఏరుకోమన్నట్టుంది. కమిటీ ఒక పథకాన్ని శాంక్షన్ చేసిందంటే ఒప్పుకున్నట్టు. ఒక దేశంపై శాంక్షన్స్ విధించారంటే ఆంక్షలు పెట్టినట్టు. నామవాచకం బహువచనంలో ఉండి, తరువాత ‘ఆన్’ గాని ‘అగైన్‌స్ట్’ గాని వస్తే అవి ఆంక్షలే. క్రియగా వస్తే ఎక్కువగా ఆమోదం. అయితే ఇప్పటి వార్తల్లో వ్యక్తులను, సంస్థలను శాంక్షన్ చేశారంటే దండించారనే అర్థం. కర్మ ఏమిటో చూస్తే చాలావరకు తేలిపోతుంది: పనినైతే అనుమతి, మనిషినైతే శిక్ష. ఈ రెండు ముక్కలు రాయడానికి ఎంత చోటు కావాలి?

పోనీ, మూలమైనా చెప్పారా? లాటిన్‌లో దీని మూలక్రియకు పవిత్రం చేయడం, శాసనంగా స్థిరపరచడం అని అర్థం. శాసనమన్నాక ఆమోదముద్రా ఉంటుంది, మీరితే దండనా ఉంటుంది. యాప్‌లో ‘వ్యుత్పత్తి’ అనే మీట నొక్కితే ‘లాటిన్’ అని వచ్చి ఊరుకుంటుంది.

‘ఓవర్‌సైట్’ కొంత నయం. పర్యవేక్షణను, పొరపాటును విడదీసి వాక్యాలిచ్చారు. ‘టేబుల్’ దగ్గర మళ్లీ నిరాశే. ప్రతిపాదనను టేబుల్ చేయడమంటే బ్రిటన్‌లో చర్చకు పెట్టడం, అమెరికాలో పక్కన పెట్టడం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఈ మాట మీద ఇరుదేశాల సైనికాధికారులు చాలాసేపు ఘాటుగా వాదించుకున్నారని, తీరా చూస్తే ఇద్దరూ కోరింది ఒకటేనని చర్చిల్ రాశారు. యాప్‌లో బల్ల, పట్టిక ఉన్నాయి, క్రియే లేదు.

చప్పున ఒక అర్థం దొరికితే చాలనుకునేవారికి ఉచిత రూపం సరిపోతుంది. డబ్బు కట్టినందుకు ప్రకటనలు పోతాయి, అర్థాలు మాత్రం అవే. అనువాదకులు ఉదాహరణ వాక్యాలున్న మరో నిఘంటువును దగ్గర పెట్టుకోక తప్పదు. నేనిచ్చేది ఐదుకు రెండు నక్షత్రాలు, అందులో ఒకటి ‘ఓవర్‌సైట్’ కోసం.